మీకు తెలుసా? డీజిల్ బండి అడిగే అసలు ప్రశ్న

ఎస్‌యూవీ కొందామని షోరూముకు వెళ్తే, రంగు సంగతి తేలకముందే "పెట్రోలా, డీజిలా?" అన్న చోట బేరం ఆగుతుంది. సేల్స్ కుర్రాడు వెంటనే "నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు సార్?" అంటాడు. మంచి ప్రశ్నే కానీ అందులో సగమే ఉంది. ఒకసారి బండి స్టార్ట్ చేస్తే ఆపకుండా ఎంత దూరం పోతారన్నది మిగతా సగం. బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఆ సగమే బరువెక్కింది. అదెలాగో తర్వాత చెబుతాను, ముందు ఇంజిన్ సంగతి.

ఒకే సీసీ, లాగుడు వేరు

పెనుకొండలో తయారయ్యే కియా సెల్టోస్‌లో 1.5 లీటర్ల పెట్రోలు ఇంజినూ ఉంది, 1.5 లీటర్ల డీజిల్ ఇంజినూ ఉంది. దాని అన్నలాంటి హ్యుందాయ్ క్రెటాలోనూ ఇవే. కాగితం మీద పవర్ చూస్తే పెట్రోలుకు 115 పీఎస్, డీజిల్‌కు 116. తేడా లేనట్టే. పక్క గడిలో టార్క్ చూడండి: పెట్రోలుకు 144 న్యూటన్ మీటర్లు, డీజిల్‌కు 250.

ఆ 144 కూడా పెట్రోలు ఇంజిన్ నిమిషానికి 4,500 సార్లు తిరిగితే గానీ పూర్తిగా చేతికి రాదు. డీజిల్ 1,500 దగ్గరే తన 250 ఇచ్చేస్తుంది. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ నడుస్తుండగా శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోలు బండి గేరు దించమంటుంది, అరుస్తుంది. డీజిల్ అదే గేరులో గొణుక్కుంటూ ఎక్కేస్తుంది. "డీజిల్‌కి దమ్ముంటుంది" అని డ్రైవర్లు అనేది దీన్ని గురించే.

ఇప్పుడు ఈ దమ్ము డీజిల్ ఒక్కదాని సొత్తేమీ కాదు. అవే బండ్లలో వచ్చే 1.5 లీటర్ల టర్బో పెట్రోలు 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. కాకపోతే బరువు మీద, ఎక్కుడు మీద ఆ ఇంజిన్ పెట్రోలు తాగే తీరు వేరు. సరదాకు తొక్కితే జేబుకు తెలుస్తుంది.

నిప్పురవ్వ లేని మంట

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. మరి మంట ఎక్కణ్నుంచి వస్తుంది? సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం పట్టుకుని చూడండి, వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, అంతే రహస్యం. డీజిల్ ఇంజిన్ సిలిండర్‌లోని గాలిని పదిహేనో వంతుకో, అంతకన్నా చిన్నగానో నొక్కేస్తుంది. గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కాక అందులోకి డీజిల్‌ను తుంపరగా చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజిన్‌లో నొక్కుడు పదింతల నుంచి పన్నెండింతల దగ్గర ఆగుతుంది.

ఎంత నొక్కితే అదే ఇంధనం నుంచి అంత ఎక్కువ పని పిండుకోవచ్చు. పైగా లీటరు డీజిల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా పది శాతానికి పైగా ఎక్కువ. మైలేజీ ఈ రెండింటి పుణ్యమే. ఆ ఒత్తిడిని భరించడానికి ఇంజిన్ దిట్టంగా ఉండాలి, ఇంజెక్టర్లు, పంపు చాలా కచ్చితంగా ఉండాలి. డీజిల్ బండి ధర ఎక్కువ ఉండటానికి మొదటి కారణం అది. రెండో కారణం పొగ గొట్టంలో దాక్కుని ఉంది, అక్కడికీ వస్తాం.

వేరుశెనగ నూనెతో నడిచిన ఇంజిన్

ఈ ఇంజిన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ జర్మన్ ఇంజినీరు, పుట్టింది మాత్రం పారిస్‌లో, 1858లో. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఆయన నడిపి చూపిన ఇంజిన్, ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. అప్పటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లో లేవు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్‌ను ఏకంగా వేరుశెనగ నూనెతో నడిపారు. చూసినవాళ్లలో చాలామందికి తేడానే తెలియలేదట.

వేరుశెనగకు పేరుపడ్డ అనంతపురం సీమలోనే ఇవాళ డీజిల్ సెల్టోస్‌లు తయారవుతున్నాయి. వాటిలో ఆ నూనె పోయకండి. ఇప్పటి ఇంజెక్టర్లు తట్టుకోలేవు, పైగా నూనె ధర డీజిల్ కన్నా ఎక్కువ.

రుడాల్ఫ్ డీజిల్ 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండ్ వెళ్లే డ్రెస్డెన్ అనే ఓడలో తన గదికి వెళ్లి, తెల్లారేసరికి కనిపించలేదు. కొన్నాళ్లకు శవం సముద్రంలో దొరికింది. అప్పులా, ఆత్మహత్యా, హత్యా అన్న వాదన నేటికీ తెగలేదు.

లక్షన్నర ఎప్పుడు తిరిగొస్తుంది?

ఇక లెక్క. క్రెటా మాన్యువల్‌కు కంపెనీ చెప్పే మైలేజీ పెట్రోలుకు లీటరుకు 17.4 కిలోమీటర్లు, డీజిల్‌కు 21.8. 2024 మార్చిలో రెండేసి రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో పెట్రోలు 107 పైన, డీజిల్ 95 పైన నిలిచాయి. ఆ ధరలతో భాగించండి: పెట్రోలు బండికి కిలోమీటరుకు దాదాపు 6 రూపాయల 15 పైసలు, డీజిల్‌కు 4 రూపాయల 40 పైసలు. మిగిలేది ఒక రూపాయి డెబ్బై అయిదు పైసల చిల్లర.

ఒకే రకం బండికి పెట్రోలుకూ డీజిల్‌కూ షోరూములో తేడా సుమారు లక్షన్నర. ఆ లక్షన్నర తిరిగి రావాలంటే ఎనభై అయిదు వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు 800 తిరిగే మనిషికి అది తొమ్మిదేళ్ల మాట. నెలకు 2,500 తిరిగేవాడికి మూడేళ్లలోపే.

"కంపెనీ మైలేజీ ఎవరికొస్తుందండీ?" అంటారు, నిజమే. రెండు బండ్లూ చెప్పినదాని కన్నా ముప్పై శాతం తక్కువ ఇస్తాయనుకుందాం. చిత్రంగా అప్పుడు డీజిల్ వైపే మొగ్గు పెరుగుతుంది, అరవై వేల లోపే లక్షన్నర తిరిగొస్తుంది. మైలేజీ పడిపోయినకొద్దీ రెండింటి ఖర్చు మధ్య దూరం పెరుగుతుంది కదా. ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు "అయితే డీజిలే కొందాం" అనుకునేది సరిగ్గా ఈ లెక్క చూసే. కిందిది చదివి ఆ తర్వాత నిర్ణయించుకోండి.

ఆయిల్ తగ్గితే కాదు, పెరిగితే భయపడాలి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. బీఎస్-4 నుంచి బీఎస్-5ను దాటేసి నేరుగా ఆరుకు గెంతాం. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి దిగింది. బండి పొగ గొట్టంలోకి డీపీఎఫ్ అనే జల్లెడ వచ్చింది. నల్లటి మసిని గాలిలోకి పోనివ్వకుండా పట్టుకుని తన కడుపులో దాచుకోవడం దాని పని. అందుకే కొత్త డీజిల్ బండి వెనక నల్లపొగ కనిపించదు.

దాచుకున్న మసి ఏమవాలి? నిండాక కాలిపోవాలి. అందుకు జల్లెడ 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. హైవే మీద వేగంగా పోతుంటే ఆ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. కూడలి కూడలికీ ఆగే సిటీ ప్రయాణంలో పొగకు అంత వేడి రాదు. అప్పుడు ఇంజిన్ కంప్యూటరు ఓ ఉపాయం పన్నుతుంది. మంట అయిపోయిన తర్వాత కూడా సిలిండర్లోకి కాస్త డీజిల్ అదనంగా చిమ్మి, దాన్ని పొగతోపాటు పంపి, అక్కడ మండించి జల్లెడను వేడి చేస్తుంది.

ఈ పని మొదలయ్యేసరికి మీరు ఆఫీసు చేరి బండి ఆపేస్తారు. సాయంత్రం మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఇల్లొస్తుంది. ఇలా మధ్యలో ఆగిన ప్రతిసారీ మండకుండా మిగిలిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. అందువల్ల డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం పెరిగి కనిపిస్తుంది. "ఆహా, ఆయిల్ తాగని ఇంజిన్" అని మురిసిపోకండి. అది పలచబడ్డ ఆయిల్. లోపలి భాగాలు అరిగేది దానితోనే. ఇటు జల్లెడ పూర్తిగా పూడుకుపోతే బండి లాగడం మానేస్తుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. సర్వీసు సెంటరులో కాల్పిస్తే సరిపోవచ్చు. మార్చాల్సి వస్తే మాత్రం ఆ బిల్లు చిన్నది కాదు.

ఇద్దరి సంగతి చూడండి. ఒకరు మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చే ఉద్యోగి. ఇంకొకరు సూర్యాపేట నుంచి నెలకు రెండుసార్లు సరుకు కోసం హైదరాబాద్ వచ్చిపోయే వ్యాపారి, మిగతా రోజుల్లో బండి ఇంటి ముందే. నెల తిరిగేసరికి ఇద్దరి మీటరూ దాదాపు ఆరు వందలే తిరుగుతుంది. షోరూము ప్రశ్నకు ఇద్దరిదీ ఒకే జవాబు. కానీ వ్యాపారి బండికి ప్రతిసారీ నూటనలభై కిలోమీటర్ల హైవే దొరుకుతోంది, జల్లెడ శుభ్రమవుతోంది. ఉద్యోగి బండికి ఆ భాగ్యం లేదు. డబ్బుల లెక్కలో డీజిల్ ఇద్దరికీ గిట్టకపోవచ్చు, కానీ రిపేరు బెడద ఎక్కువగా ఉద్యోగికే.

ఇప్పటికే డీజిల్ బండి ఉండి, సిటీలోనే తిరిగేవారు అప్పుడప్పుడు రింగు రోడ్డెక్కి 60 దాటిన వేగంతో ఇరవై, పాతిక నిమిషాలు ఆపకుండా నడపాలి. చాలా మాన్యువళ్లలో ఇలాంటి మాటే ఉంటుంది, ఎవరూ చదవరు. ఆ మాన్యువల్‌లోనే ఇంకో హెచ్చరిక కూడా ఉంటుంది: ఎండుగడ్డి మీద బండి ఆపొద్దని. కోతల కాలంలో మన పల్లె రోడ్ల మీద వరిగడ్డి ఎంత పరుచుకుని ఉంటుందో తెలిసిందే కదా. 600 డిగ్రీల గొట్టం దాని మీదికి వచ్చి ఆగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

బండికీ యూరియా వేయాలి

లారీలతోపాటు చాలా కొత్త డీజిల్ ఎస్‌యూవీలకు రెండో ట్యాంకు ఒకటి ఉంటుంది. యాడ్‌బ్లూ, డెఫ్ అని బంకుల్లో అమ్మే ద్రవం అందులో పోయాలి. అది వేరే ఏమీ కాదు, 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీరు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను ఇది మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే ఒకసారి ఆపిన బండి మళ్లీ స్టార్టే కాదు.

పొలానికి తెచ్చిన బస్తాలోంచి గుప్పెడు తీసి నీళ్లలో కలిపితే పోలా అనిపిస్తుంది. పోదు. 2015 నుంచి రైతులకిచ్చే యూరియాకంతటికీ వేపనూనె పూత ఉంటుంది. ఆ నూనె, అందులోని మలినాలు కలిసి ఆ ఖరీదైన వ్యవస్థను పాడుచేస్తాయి.

ఈ నీళ్ల విలువ దక్షిణ కొరియాకు 2021లో తెలిసొచ్చింది. చైనా యూరియా ఎగుమతులు బిగించేసరికి కొరియాలో లారీలు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. చివరికి వైమానిక దళం విమానాన్ని ఆస్ట్రేలియా పంపి 27 వేల లీటర్ల యూరియా ద్రావణం తెప్పించుకున్నారు.

ముప్పై రూపాయల తేడా రోజులు

2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 దగ్గరే ఉంది. రైతుల కోసం, లారీల కోసం ప్రభుత్వం భరించిన రాయితీ అది. దాని మీద కార్లవాళ్లు ఎక్కి కూర్చున్నారు. ఆ రోజుల్లో అమ్ముడైన కార్లలో సగం డీజిలే. 2013 జనవరి నుంచి నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుకుంటూ వచ్చి, 2014 అక్టోబరులో డీజిల్ ధరను మార్కెట్‌కు వదిలేశారు. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిల్ పెట్రోలునే దాటింది. అదే ఏడాది బీఎస్-6 ఖర్చు భరించలేమని మారుతి డీజిల్ కార్లు మానేసింది. స్విఫ్ట్ నుంచి ఇండికా విస్టా దాకా ఎన్నో బండ్లను నడిపిన ఫియట్ 1.3 లీటర్ల ఇంజిన్, దేశపు జాతీయ ఇంజిన్ అని పేరు తెచ్చుకున్నది, అప్పుడే సెలవు తీసుకుంది.

"మా బావమరిది డీజిల్ కొని లక్షలు మిగిల్చాడు" అనే మాట మన పెళ్లిళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన ఏ సంవత్సరంలో కొన్నాడో అడగండి.

పది మిల్లీలీటర్ల తెలివి

2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2,000 సీసీ, అంతకు మించిన డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. మహీంద్రా స్కార్పియో, ఎక్స్‌యూవీ500ల ఇంజిన్ 2.2 లీటర్లు. నెల తిరిగేసరికి మహీంద్రా ఆ రెంటికీ 1.99 లీటర్ల ఇంజిన్ పెట్టి ఢిల్లీలో దించింది. 2016 ఆగస్టులో ఒక శాతం హరిత సుంకంతో నిషేధం ఎత్తేశారు.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదన్న ఆదేశం మాత్రం 2015 నుంచీ నలుగుతోంది. 2025లో సుప్రీంకోర్టు కొంత ఊరట ఇచ్చింది గానీ ఆ కథ ముగియలేదు. గురుగ్రామ్‌లో, నోయిడాలో ఉద్యోగాలు చేసే మనవాళ్లు డీజిల్ కొనేముందు అమ్మకం ధర గురించి కూడా ఆలోచించాలి. అక్కణ్నుంచి చవగ్గా వచ్చే పాత డీజిల్ ఎస్‌యూవీలు ఇక్కడ కొనేవారు ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలుపుకుని లెక్కేసుకుంటే చవక కాస్త కరుగుతుంది.

ఎవరు వదల్లేదు?

టయోటాలో ఇన్నోవా పేరుతో రెండు బండ్లున్నాయి. క్రిస్టా డీజిల్, హైక్రాస్ పెట్రోలు, హైబ్రిడ్. హైబ్రిడ్ హైక్రాస్‌కు కంపెనీ చెప్పే మైలేజీ 23.24, అంటే మైలేజీలో డీజిల్ రాజ్యమన్న మాట చెల్లిపోయింది. సిటీలో ఆగి కదిలే ప్రయాణానికే హైబ్రిడ్ బాగా పనికొస్తుంది, డీజిల్ బలహీనత ఉన్న చోటే దాని బలం. టాటా ఏస్ ప్రో అనే చిన్న ట్రక్కు 2025లో పెట్రోలు, పెట్రోలు-సీఎన్‌జీ రెండూ కలిసినది, కరెంటు రకాల్లోనే వచ్చింది. ఊళ్లో సరుకు తిప్పడానికి అవి చాలు.

బరువు, దూరం రెండూ కలిసిన చోట డీజిల్ ఇంకా కదల్లేదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ పికప్ డీజిలే. బొలెరో పికప్, పెద్ద లారీ, ట్రాక్టరు ఎక్కువగా డీజిలే. ట్రాలీ లాగాలన్నా, ఏడుగురితో కాశీ దాకా పోవాలన్నా నేనైతే నేటికీ డీజిల్ పేరే చెబుతాను. స్కూలు, ఆఫీసు, కూరగాయల మార్కెట్ తిరగడానికి మాత్రం చెప్పను.

ఎక్కడంలో పులి, దిగడంలో?

పెట్రోలు ఇంజిన్‌లో యాక్సిలరేటరు వదిలితే గాలి దారి మూసుకుపోయి ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది. డీజిల్ ఇంజిన్ శక్తిని ఇంధనంతో అదుపు చేస్తుంది, గాలి దారిని మూయదు. అందుకే ఆ పట్టు తక్కువ. లారీలకు ఎగ్జాస్ట్ బ్రేక్ అని వేరే పెట్టేది దీనికే. బరువున్న డీజిల్ ఎస్‌యూవీలో అరకు ఘాట్ దిగుతుంటే ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, బ్రేకుల మీదే భారం వేయకండి.

చిన్న చిన్నవి

జీఎస్టీలో 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు కార్లకు 18 శాతం. పెట్రోలుకు 1,200 సీసీ దాటకూడదు, డీజిల్‌కు 1,500 దాకా అనుమతి. ఈ కొలతలు దాటితే పెట్రోలైనా, డీజిలైనా 40 శాతం.

పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ శక్తి, కాబట్టి మైలేజీ కాస్త తగ్గుతుంది. బంకు డీజిల్‌కు ఈ కలుపుడు లేదు.

కాకినాడ, కోనసీమ వైపు వాళ్లు యానాం బంకుల్లో ట్యాంకు నింపుకోవడం పాత అలవాటే. అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, పన్ను తక్కువ.

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. సర్వీసు ఖర్చు తగ్గుతుందని డీపీఎఫ్ తీయించేసేవారు ఊపిరి పీల్చేది కూడా ఆ రోడ్డు మీదే.

బంకులో పొరపాటున డీజిల్ బండిలో పెట్రోలు పోస్తే తాళం తిప్పకండి. స్టార్ట్ చేయడం సరే, లైట్లు వెలిగే దాకా తిప్పినా చాలు, కొన్ని బండ్లలో పంపు ఇంధనాన్ని ముందుకు తోసేస్తుంది. డీజిల్‌కు ఉండే జిడ్డే ఆ పంపుకు కందెన, పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి పక్కకు తోయించి, ట్యాంకు ఖాళీ చేయించేదాకా తాళం జేబులోనే ఉంచుకోండి.